ఈస్టు తిన్న చుంచెలుక, వైరస్ సోకిన చుంచెలుక: ప్రయోగ ఫలితాల విలువ ఎంత?

పశుదాణా దుకాణాలలోను, రొయ్యల చెరువులున్న గ్రామాల మందుల షాపులలోను నేడు ఈస్టు పొడి సంచి సర్వసాధారణమైన సరుకు. పాడి గేదెకు అరుగుదల పెంచుతుందని ఒకటి, కోళ్ళకు రోగనిరోధక శక్తి నిస్తుందని మరొకటి, రొయ్యకు తెల్లమచ్చ వైరస్‌ను తట్టుకునే బలం చేకూరుస్తుందని ఇంకొకటి అమ్ముడవుతున్నాయి. మొదటి మాటకు పశుపోషణ శాస్త్రంలో కొంత ఆధారం ఉన్నది. తక్కిన రెండింటికి ఆధారమేమని అడిగినపుడు తరచుగా వినవచ్చే సమాధానం, ‘చుంచెలుకల మీద రుజువైనది’ అని. ఆ రుజువు ఎటువంటిది, అది ఏ ప్రశ్నకు సమాధానం, ఏ ప్రశ్నకు కాదు అన్న విషయాన్ని వ్యవసాయ పరిశోధకులు కూడ పరిశీలించవలసిన అవసరం ఉన్నది. ఎందుకంటే ఆ సంచి ఖరీదు చివరకు పడేది రైతు పెట్టుబడి మీదనే.

ఇక్కడ ఈస్టు అంటే ప్రధానంగా శాకరోమైసిస్ సెరివిసియే అనే ఏకకణ శిలీంధ్రం. రొట్టె పొంగడానికి, బీరు తయారీకి, తాటికల్లు, ఈతకల్లు పులియడానికి కారణమైన జీవి ఇదే. కణం వ్యాసం సుమారు 5 నుండి 10 మైక్రాన్లు. కణం పొడి బరువులో 15 నుండి 30 శాతం వరకు దాని గోడయే. ఆ గోడలో సగానికి పైగా బీటా గ్లూకాన్ అనే పిండిపదార్థం. దానికి పైపొరగా మానాన్‌తో కూడిన మాంసకృత్తులు. అతి స్వల్పంగా కైటిన్. వైరస్‌లపై ఈస్టు ప్రభావాన్ని గురించిన చర్చ అంతయు ఈ గోడ చుట్టూనే తిరుగుతుంది. ఈస్టు కణం వైరస్‌ను చంపదు. వైరస్‌ను ఎదుర్కొనే కణాలను అది మేల్కొలుపుతుందా అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1941లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పిల్లెమర్, ఎకర్ అనే శాస్త్రజ్ఞులు తాజా ఈస్టులో రక్తరసంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను ప్రభావితం చేసే కరగని పదార్థాన్ని వర్ణించారు. జైమోసాన్ పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ పదార్థం ఈస్టు కణపు గోడయే. దాని సాయంతోనే 1954లో పిల్లెమర్ ప్రోపర్డిన్ అనే మాంసకృత్తిని కనుగొన్నాడు. ప్రతిరక్షకాలు లేకుండానే రక్తరసం సూక్ష్మజీవిని గుర్తించగలదన్న ఆయన వాదన ఆనాడు తీవ్ర విమర్శకు గురైనది. 1957లో ఆయన మరణించిన తరువాత గాని అది సరియైనదని శాస్త్రలోకం అంగీకరించలేదు. ఈస్టు గోడను గుర్తించే గ్రాహకం తెల్లరక్తకణాల మీద ఉన్నదని, దాని పేరు డెక్టిన్-1 అని 2001లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన గోర్డన్ బ్రౌన్, సైమన్ గోర్డన్‌లు చూపారు. 2004లో లూయీవిల్ విశ్వవిద్యాలయంలో గోర్డన్ రాస్ బృందం వెలుగునిచ్చే రంగు కట్టిన ఈస్టు బీటా గ్లూకాన్‌ను చుంచెలుకలకు నోటి ద్వారా ఇచ్చి, పేగులోని మాక్రోఫేజ్ కణాలు దానిని మింగి, ప్లీహానికి, ఎముకల మూలుగకు మోసుకొని పోయినట్లు గమనించింది. ఆ పరిశోధన కాన్సర్ చికిత్సకు సంబంధించినది, వైరస్‌కు కాదు. అయినను నోటిలో వేసిన ఈస్టు గోడ పేగుతో ఆగిపోదని స్పష్టపరచినందువలన దానికి ప్రాముఖ్యం ఉన్నది.

అయితే ఈస్టుకు మరొక ముఖం కూడ ఉన్నది. అది ఆహారం. 1920లలో అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పెల్లాగ్రా వ్యాధిని బీరు ఈస్టుతో నివారించవచ్చునని చూపాడు. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని ప్రకటించింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది. పెల్లాగ్రా మన ప్రాంతానికి పరాయిది కాదు. జొన్న తినే దక్కను పీఠభూమి పేదలలో అది కనిపించడానికి కారణాన్ని 1960లో హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంఠయ్య విశ్లేషించారు. ఈ పాత సంగతులను గుర్తు చేయడానికి కారణం ఒకటే. ఈస్టు మేపిన చుంచెలుక వైరస్‌ను బాగా తట్టుకున్నదంటే, దానికి మేలు చేసినది గోడలోని బీటా గ్లూకానా, లేక కణంలోని బి విటమిన్లు, మాంసకృత్తులా? పోలికకు పెట్టిన గుంపుకు సమానమైన పోషకాలు అందకపోతే ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. దీనికి తోడు మరొక చిక్కు. ప్రయోగశాల చుంచెలుకలకు పెట్టే గుళికల దాణాలలో ఎండబెట్టిన బీరు ఈస్టు తరచుగా ఒక భాగం. అనగా ‘ఈస్టు ఇవ్వని గుంపు’ అని పట్టికలో వ్రాసిన చుంచెలుకలు కూడ చచ్చిన ఈస్టును రోజూ తింటూనే ఉండవచ్చు. దాణా కూర్పును ప్రకటించని వ్యాసాన్ని ఈ కారణం చేతనే కొంత అనుమానంతో చదవవలసి వస్తుంది.

2017 నాటి ప్రయోగం

నోటి ద్వారా ఈస్టు, చుంచెలుక, వైరస్ ఈ మూడింటినీ కలిపి చేసిన ప్రయోగాలలో జాగ్రత్తగా రూపొందించినదిగా చెప్పదగినది అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో సింగ్ సింగ్ వే ప్రయోగశాల నుండి 2017లో వెలువడినది. టోనీ జియాంగ్ ప్రథమ రచయిత. దాని నేపథ్యం ముందుగా తెలియాలి. 2011లో యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవాసాకి బృందం ఒక విషయాన్ని నిరూపించింది. యాంటీబయాటిక్‌లు ఇచ్చి పేగులోని బాక్టీరియాను తగ్గించిన చుంచెలుకలు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను సరిగా ఎదుర్కోలేకపోయాయి. వైరస్ ఉన్నది ఊపిరితిత్తులలో, లోపించినది పేగులో. పేగులోని బాక్టీరియా నుండి వచ్చే నిరంతర సంకేతాలే దూరాన ఉన్న రక్షణ కణాలను సిద్ధంగా ఉంచుతున్నాయని దీని భావం.

జియాంగ్ బృందం వేసిన ప్రశ్న తేలికగా కనిపిస్తుంది. బాక్టీరియా పోయిన ఆ ఖాళీని శిలీంధ్రం భర్తీ చేయగలదా? యాంటీబయాటిక్‌లతో బాక్టీరియాను తొలగించిన చుంచెలుకల పేగులో కాండిడా అల్బికాన్స్‌ను గాని, శాకరోమైసిస్ సెరివిసియేను గాని నెలకొల్పారు. తరువాత కొన్నింటికి రసాయనంతో పెద్దపేగు వాపు కలిగించారు. కొన్నింటికి ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ సోకించారు. బాక్టీరియా లేమి వలన ఏర్పడిన బలహీనత రెండు సందర్భాలలోను శిలీంధ్రం వలన తగ్గినది. ఇంకొక అడుగు ముందుకు వేసి, జీవమున్న శిలీంధ్రం బదులు దాని గోడలోని మానాన్‌ను మాత్రమే పేగుకు అందించినా అటువంటి రక్షణే లభించినదని చూపారు. సాధారణంగా ఈస్టు ప్రచారంలో వినిపించే పేరు బీటా గ్లూకాన్. ఇక్కడ పని చేసినది మానాన్. సంచి మీది మాటలకు, ప్రయోగం చూపిన దానికి మధ్య ఉన్న దూరానికి ఇది మొదటి ఉదాహరణ.

రెండవది మరింత ముఖ్యమైనది. ఈస్టు ఈ చుంచెలుకలకు అదనపు బలాన్ని ఇచ్చినదని ఈ ప్రయోగం చెప్పలేదు. పోగొట్టిన బలాన్ని తిరిగి తెచ్చినదని మాత్రమే చెప్పినది. వ్యాసం శీర్షికలో కూడ పేగు బాక్టీరియా చేసే మేలును శిలీంధ్రాలు తిరిగి కలిగించగలవనే ఉన్నది గాని, మించిపోతాయని లేదు. సస్యశాస్త్రం చదివిన వారికి ఈ భేదం వెంటనే బోధపడుతుంది. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే వరిలోని ఖైరా తెగులుకు జింకు లోపమే కారణమని చూపిన తరువాత, జింకు సల్ఫేటు వేసిన పొలాలు పచ్చబడిన దృశ్యం ఎందరినో ఆశ్చర్యపరచినది. కాని ఆ ఫలితం లోపమున్న నేలది. జింకు చాలినంత ఉన్న నేలలో అదే మోతాదు వేస్తే పైరు స్పందించదు. ఖర్చు మాత్రం మిగులుతుంది. యాంటీబయాటిక్ ఇచ్చిన చుంచెలుక జింకు లేని నేల వంటిది. ఆరోగ్యవంతమైన పేగు గల పశువుకో పక్షికో ఈస్టు మేపి అదే ఫలితాన్ని ఆశించడం, భూసార పరీక్ష లేకుండా ఎరువు సిఫారసు చేయడంతో సమానం.

పేగు సూక్ష్మజీవుల ప్రభావం అన్ని వైరస్‌ల విషయంలో ఒకే దిక్కుగా ఉంటుందని కూడ భావించరాదు. 2011లోనే టెక్సాస్‌కు చెందిన జూలీ ఫైఫర్ బృందం పోలియో వైరస్‌తో చేసిన ప్రయోగంలో ఫలితం తలక్రిందులైనది. పోలియో సోకేందుకు వీలుగా జన్యుమార్పిడి చేసిన చుంచెలుకలలో, యాంటీబయాటిక్ ఇచ్చినవి తక్కువగా మరణించాయి. బాక్టీరియా పైపొరలోని పిండిపదార్థాలను పట్టుకొని ఆ వైరస్ తన సోకే శక్తిని పెంచుకుంటున్నదని తేలింది. ఇన్‌ఫ్లుయెంజాకు శత్రువైన పేగు జీవులే పోలియోకు మిత్రులైనవి. కనుక ‘వైరస్ వ్యాధులకు ఈస్టు’ అన్న మాటలో ఏ వైరస్ అన్నది చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు.

పంజరమే మడి

చుంచెలుకల ప్రయోగాల గణాంకాలను చూచినపుడు సస్యశాస్త్రజ్ఞునికి కలిగే మొదటి సందేహం ప్రయోగ ప్రమాణాన్ని గురించినది. ఆర్.ఎ. ఫిషర్ రోథామ్‌స్టెడ్ పొలాలలో నేర్పిన పాఠం ప్రకారం ఎరువు వేసినది మడికి గనుక, మడియే ప్రమాణం. ఒక మడిలోని వంద మొక్కలను కొలిచినంత మాత్రాన వంద పునరావృతాలు కావు. చుంచెలుకల విషయంలో ఆ మడి స్థానం పంజరానిది. చుంచెలుకలు తమ మలాన్ని, తోటి చుంచెలుకల మలాన్ని తింటాయి. ఒక పంజరంలో ఒక్కదానికి జీవమున్న ఈస్టు ఇచ్చినా, కొద్ది గంటలలో అది అన్నింటికీ చేరుతుంది. కనుక ఈస్టు ఇచ్చినవాటిని, ఇవ్వనివాటిని ఒకే పంజరంలో ఉంచరాదు. వేరు వేరు పంజరాలలో ఉంచితే, ఒక పంజరంలోని చుంచెలుకల పేగు జీవులు కాలక్రమాన ఒకే విధంగా మారి, పంజరానికి పంజరానికి మధ్య ఈస్టుతో సంబంధం లేని తేడా ఏర్పడుతుంది.

ఒక లెక్క చూడవచ్చు. 20 చుంచెలుకలు, పంజరానికి 5 వంతున 4 పంజరాలు. రెండింటికి ఈస్టు, రెండింటికి ఉప్పునీరు. చుంచెలుకను ప్రమాణంగా తీసుకుంటే దోషపు స్వేచ్ఛాంశాలు 18. 5 శాతం స్థాయిలో టి విలువ 2.10 దాటితే తేడా నిజమని వ్రాయవచ్చు. పంజరాన్ని ప్రమాణంగా తీసుకుంటే స్వేచ్ఛాంశాలు 2 మాత్రమే. టి విలువ 4.30 దాటవలసి ఉంటుంది. అవే చుంచెలుకలు, అవే బరువులు, నిర్ణయం మాత్రం వేరు. పంజరానికి ఐదు బదులు రెండు చుంచెలుకలనే ఉంచి, పంజరాల సంఖ్యను పెంచడం దీనికి సరియైన మార్గం. పంజరాల బల్లలలో పై అరకు వెలుతురు ఎక్కువ, క్రింది అరకు తక్కువ. కాబట్టి అరను బ్లాకుగా పరిగణించి, ప్రతి అరలో అన్ని చికిత్సలను యాదృచ్ఛికంగా పంచాలి. పొలంలో సారపు వాలుకు అడ్డంగా బ్లాకులు వేసే పద్ధతియే ఇది. మన విశ్వవిద్యాలయాలలో పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థి మొదటి సెమిస్టరులో నేర్చుకునే ఈ విషయం, పేరు పొందిన ప్రయోగశాలల వ్యాసాలలో కూడ కొన్నిసార్లు లోపించడం విచిత్రమే.

ఈస్టు ఇచ్చే పద్ధతిలోను మెలకువ అవసరం. సన్నని గొట్టంతో నేరుగా జీర్ణాశయంలోకి ఎక్కించడం పరిపాటి. ఆ ద్రవంలో కొంత పైకి తన్ని ఊపిరితిత్తులలోకి పోయే అవకాశం ఉన్నది. ఇన్‌ఫ్లుయెంజా పరీక్షలో ఇది చిన్న విషయం కాదు. ఊపిరితిత్తులలో పడిన ఈస్టు అక్కడి కణాలను నేరుగా రెచ్చగొట్టి, నోటి మందు చేసిన మేలుగా భ్రమింపజేస్తుంది. తరువాత, చుంచెలుక జాతి. ఇన్‌ఫ్లుయెంజాను అడ్డుకునే ఎంఎక్స్1 అనే జన్యువు, ప్రయోగశాలలలో వాడే శుద్ధ వంశాల చుంచెలుకలలో చాలావాటికి పనిచేయదు. ఏ2జి అనే వంశం ఈ వైరస్‌ను తట్టుకుంటున్నదని 1962లో జీన్ లిండెన్‌మన్ గమనించడంతో ఈ సంగతి వెలుగులోకి వచ్చినది. అనగా సహజమైన ఒక ప్రధాన కవచం లేని జంతువులో ఈస్టు బలాన్ని కొలుస్తున్నాము.

‘బ్రతికినవి ఇన్ని’ అని వ్రాసిన సంఖ్యను కూడ జాగ్రత్తగా చదవాలి. నైతిక నియమాల ప్రకారం చుంచెలుకను బాధతో చనిపోనివ్వరు. బరువు ముందే నిర్ణయించిన హద్దు, సాధారణంగా 20 నుండి 25 శాతం, కోల్పోగానే నొప్పి లేకుండా ప్రాణం తీస్తారు. ఆ హద్దుకు దగ్గరగా ఉన్న చుంచెలుకను తూచే వ్యక్తికి అది ఏ గుంపుదో తెలిసి ఉంటే, ఒక గ్రాములో పదవ వంతు తేడాతో ప్రాణం నిలవడమో పోవడమో జరుగుతుంది. సగటు చుంచెలుక బరువే 20, 25 గ్రాములు.

నివారణయా, చికిత్సయా?

ఈ రంగంలో అన్నిటికంటె ఎక్కువ గందరగోళం ఈ రెండు మాటల మధ్యనే ఉన్నది. అధిక భాగం ప్రయోగాలలో ఈస్టునో దాని గోడనో వైరస్ సోకక ముందే ఇచ్చారు. 2017 ప్రయోగంలోను శిలీంధ్రం ముందుగానే పేగులో స్థిరపడినది. ఇది నివారణ. చికిత్స అనాలంటే వ్యాధి లక్షణాలు కనిపించిన తరువాత ఇచ్చి ఫలితం చూపాలి. చుంచెలుక ఊపిరితిత్తులలో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సుమారు రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల గరిష్ఠ స్థాయికి చేరుతుంది. మరణాలు ఆ తరువాత కొన్ని రోజులకు మొదలవుతాయి. అప్పటికి చంపుతున్నది చాలావరకు వైరస్ కాదు, దానిపై శరీరం చేసే అదుపు తప్పిన పోరాటం. అటువంటి స్థితిలో రక్షణ కణాలను ఇంకా రెచ్చగొట్టే పదార్థం మేలు చేస్తుందా, హాని చేస్తుందా అన్నది ముందుగా ఊహించి చెప్పదగిన విషయం కాదు. తెగులు రాకముందు చల్లవలసిన మందుకు, వచ్చిన తరువాత చల్లే మందుకు భేదం తెలిసిన రైతుకు ఈ సంగతి వివరించనక్కర లేదు.

మనుషులలో ఈస్టును చికిత్సగా వాడిన అనుభవం లేకపోలేదు. 1920లలో ఇండోచైనాలో హెన్రీ బూలార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, కలరా ప్రబలినపుడు అక్కడివారు లీచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కలను వాడడం చూచి, వాటి నుండి ఒక ఈస్టును వేరు చేశాడు. శాకరోమైసిస్ బూలార్డియై పేరుతో అది నేడు మందుల దుకాణాలలో దొరుకుతున్నది. పిల్లల అతిసారంలో, రోటావైరస్ వలన కలిగినదానితో సహా, విరేచనాల కాలాన్ని సుమారు ఒక రోజు తగ్గిస్తుందని కొన్ని పరిశీలనలు తెలిపాయి. అదే ఈస్టు, సిరలో గొట్టం అమర్చిన తీవ్ర రోగుల రక్తంలో చేరి ప్రాణాపాయం కలిగించిన సందర్భాలు ఉన్నందున, అటువంటి వారికి, రోగనిరోధక శక్తి సన్నగిల్లిన వారికి దానిని వాడరాదని 2017లో ఐరోపా ఔషధ సంస్థ హెచ్చరించినది. వైరస్ చికిత్స ఎక్కువగా అవసరమయ్యేది అటువంటి రోగులకే కావడం ఇందులోని ఇబ్బంది. జీవమున్న ఈస్టు బదులు మానాన్ వంటి శుద్ధ పదార్థాన్ని వాడాలన్న ఆలోచనకు బలం ఇక్కడినుండే వస్తుంది.

వైరస్‌ల మీద పోరాటంలో ఈస్టు సాధించిన నిర్వివాద విజయం వేరొక దారిది. హెపటైటిస్ బి వైరస్ పైపొర మాంసకృత్తిని ఈస్టు కణంలో తయారు చేయించి రూపొందించిన టీకా 1986లో అమెరికాలో అనుమతి పొందినది. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన షాన్‌వాక్-బి, తరువాత కోవిడ్‌పై బయోలాజికల్ ఇ సంస్థ తెచ్చిన కోర్బెవాక్స్ రెండును పికియా అనే మరొక ఈస్టులో పండించినవే. కాని అక్కడ ఈస్టు కేవలం కర్మాగారం. శుద్ధి చేసిన మాంసకృత్తిని సూదితో ఇస్తారు. వైరస్ మాంసకృత్తిని గోడపై ధరించిన ఈస్టునే నోటి టీకాగా తినిపించే ప్రయత్నాలు చుంచెలుకలలో జరుగుతున్నాయి. గట్టి గోడ జీర్ణరసాల నుండి లోపలి సరుకును కొంతవరకు కాపాడుతుందన్నది వాటి ఆధారం. దాణాతో కలిపి ఇవ్వగల టీకా సాధ్యమైతే పెరటి కోళ్ళ రాణీఖెత్ వంటి వ్యాధులకు దాని ఉపయోగం ఊహించవచ్చును. అంతవరకు ఈస్టు పొడి సంచి రాణీఖెత్ టీకాకు బదులు కాజాలదు.

రొయ్య విషయం ఇంకను వేరు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ కోస్తా జిల్లాల టైగరు రొయ్య సాగును కుదేలు చేసిన నాటి నుండి బీటా గ్లూకాన్ పేరు చెరువుల దగ్గర వినబడుతున్నది. రొయ్యకు ప్రతిరక్షకాలు లేవు. జ్ఞాపకమున్న లింఫ్ కణాలు లేవు. చుంచెలుక తెల్లకణం మీది డెక్టిన్-1 వంటి ఏర్పాటు కాక, బీటా గ్లూకాన్‌ను పట్టుకునే మాంసకృత్తి దాని రక్తరసంలోనే ఉండి, శరీరాన్ని నల్లబరచే ఫినాల్ ఆక్సిడేజ్ చర్యను ప్రేరేపిస్తుంది. కాబట్టి ఈస్టు గోడకు రొయ్య స్పందించడం నిజమే, కాని చుంచెలుకలో కనబడిన ఫలితం దానికి సాక్ష్యం కాదు. రొయ్యకు రొయ్య మీదనే పరీక్ష జరగాలి. అందులో ప్రమాణం చెరువు, లేదా తొట్టి. తొట్టిలోని రొయ్యల సంఖ్య కాదు. చికిత్సకు కనీసం ఐదారు తొట్లు, ఒకే హేచరీ పిల్ల, గోడ ఉన్న ఈస్టు, గోడ తీసిన ఈస్టు సారం, అంతే మాంసకృత్తులున్న సోయా పిండి, మామూలు మేత అనే నాలుగు మేతలు. సోకించే వైరస్ మోతాదు అన్నింటికీ ఒక్కటే. ఈస్టు ఆపిన తరువాత రెండు, నాలుగు వారాలకు మళ్ళీ సోకించి చూచే మరొక వరుస. పదార్థం మేతలో ఉన్నంతకాలమే రక్షణ ఉంటుందా, ఆపిన తరువాత కూడ నిలుస్తుందా అన్నది ఆ చివరి వరుస వలన తెలుస్తుంది. సంచి ఎన్ని రోజులు వాడాలన్న రైతు ప్రశ్నకు సమాధానం దానిలోనే ఉన్నది.